ఒక కన్ను మూసి చూశారా?

ఈ పేజీ చదువుతున్న మీరు ఒక్క నిమిషం ఆగండి. కళ్లద్దాలు వాడుతుంటే తీయకండి. కుడి అరచేతిని దొప్పలా వంచి, కంటిని నొక్కకుండా, కుడికన్ను మూసి ఈ పేరా చదవండి. తర్వాత ఎడమ అరచేత్తో ఎడమకన్ను మూసి మళ్లీ చదవండి. రెండుసార్లూ అక్షరాలు ఒకేలా కనిపించాయా? కాగితం తెలుపు ఒకేలా ఉందా? ఉంటే సంతోషం. తేడా ఉంటే మాత్రం ఆ తేడా ఇవాళ పుట్టింది కాదు. ఎన్నాళ్లుగానో ఉండి ఉంటుంది, మీరు ఇప్పుడు గమనించారు, అంతే.

ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. చూడటమే వృత్తిగా బతికిన ఒక మహా చిత్రకారుడికి కూడా తన కుడికన్ను సంగతి 71వ ఏట హఠాత్తుగా తెలిసింది. తెలిశాక కూడా ఆయన పదేళ్లు వాయిదా వేశారు. ఆయన పేరు క్లాడ్ మోనే. ఆయన జీవితంలో చివరి 15 ఏళ్లు చదివితే, ఇంట్లో చూపు ఎలా పరీక్షించుకోవాలో, ఎందుకు పరీక్షించుకోవాలో ఏ డాక్టరూ చెప్పనంత బాగా అర్థమవుతుంది.

వెలుతురే ఆయన పని

మోనే 1840 నవంబరు 14న పారిస్‌లో పుట్టారు. పెరిగింది సముద్రతీర పట్టణం ల హావ్ర్‌లో. కుర్రతనంలో ఊళ్లోవాళ్ల వ్యంగ్యచిత్రాలు గీసి అమ్మేవారు. యూజీన్ బూదాన్ అనే చిత్రకారుడు ఆయన్ని నాలుగు గోడల మధ్య నుంచి ఆరుబయటికి తీసుకొచ్చి, కళ్ల ముందున్న ఆకాశాన్నీ నీళ్లనూ చూసి గీయడం అలవాటు చేశారు. అక్కడి నుంచి జీవితమంతా మోనే గీసింది ఒక రకంగా వెలుతురునే. పొద్దున్నే మంచు తెరలో సూర్యోదయాన్ని చూపుతూ 1872లో ఆయన గీసిన బొమ్మను 1874లో పారిస్‌లో ప్రదర్శించారు. దాని పేరును పట్టుకుని ఒక విమర్శకుడు ఎగతాళి చేస్తే, ఆ ఎగతాళి మాటే ఇంప్రెషనిజం అనే ఉద్యమానికి పేరుగా స్థిరపడింది.

1883లో ఆయన పారిస్‌కు దూరంగా ఉన్న జివెర్నీ అనే పల్లెకు మకాం మార్చారు. అక్కడి గడ్డివాములనే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మంచులో ఒకసారి, ఎండలో ఒకసారి గీశారు. వస్తువు ఒకటే, మారేది దాని మీద పడే వెలుతురు. ఇంటి దగ్గర కొలను తవ్వించి కలువలు పెంచారు. దాని మీద చిన్న వంతెన కట్టించారు. ఆ కొలనే చివరి రోజుల్లో ఆయనకు లోకం అయింది. రంగులో వెంట్రుకవాసి తేడాను కూడా పట్టుకోగల కళ్లు ఆయనవి. అలాంటి మనిషికి తన కంట్లో వచ్చిన తేడా తెలియకుండా ఉంటుందా అని మీకు అనిపించవచ్చు.

1912 జూలైలో ఏం జరిగింది?

1911లో భార్య ఆలిస్ చనిపోయారు. ఆ దుఃఖంలో చాలాకాలం ఆయన కుంచె సరిగా పట్టలేదు. మరుసటి ఏడాది జూలైలో ఒకరోజు పని మొదలుపెట్టబోతే కుడికన్నుకు ఏమీ కనిపించడం లేదని తెలిసి హడలిపోయారు. ఆ సంగతి మిత్రుడికి ఉత్తరం కూడా రాశారు. కంటి నిపుణులు చూసి రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయని, కుడికంట్లో ఎక్కువగా ముదిరిందని తేల్చారు.

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. వయసుతో వచ్చే శుక్లం రెండు మూడు రోజుల్లో పుట్టదు. కంట్లో ఉండే సహజమైన కటకం ఏళ్ల తరబడి మెల్లగా మసకబారుతుంది. అన్నేళ్లూ తెలియకపోవడానికి కారణం ఎడమకన్ను. మన మెదడు రెండు కళ్ల నుంచి వచ్చే బొమ్మలను కలిపి ఒకటిగా చూపిస్తుంది. ఒక బొమ్మ మసగ్గా ఉంటే రెండోదాని మీద ఆధారపడుతుంది. ఉమ్మడి కుటుంబంలో ఒక అన్నదమ్ముడు పని మానేసినా రెండోవాడు కష్టపడి ఇల్లు నడిపినట్టే ఇది. నడిచినన్నాళ్లూ బయటివాళ్లకు ఏమీ తెలియదు.

నేను కంటి డాక్టర్ని కాదు, జనరల్ మెడిసిన్ చూస్తాను. షుగరు, బీపీ కోసం వచ్చే పెద్దవాళ్లను చూపు ఎలా ఉందని అడిగితే ఎక్కువమంది బాగానే ఉందంటారు. ఒక కన్ను మూసి గోడ మీది బోర్డు చదవమంటే గడగడా చదివేస్తారు. రెండో కన్ను మూయమనగానే కొందరి గొంతు తగ్గిపోతుంది. పక్కనున్న భార్యో కొడుకో ఆశ్చర్యపోతారు. వాళ్లకన్నా ముందు ఆయనే ఆశ్చర్యపోతారు.

అందుకే ఇంట్లో చేసుకునే పరీక్షకు మొదటి సూత్రం ఒక్కటే: ఎప్పుడూ ఒక్కో కన్ను విడివిడిగా చూసుకోవాలి. రెండు కళ్లూ తెరిచి ఎంత చదివినా మీకు తెలిసేది మంచి కన్ను సంగతే.

పదేళ్ల వాయిదా

ఆపరేషన్ సంగతి ఎత్తితే మోనే భయపడ్డారు. ఆపరేషన్ తర్వాత రంగులు మారిపోతాయేమో, తన చూపే తనది కాకుండా పోతుందేమో అన్నది ఆయన బెంగ. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. తోటి చిత్రకారిణి మేరీ కాసాట్ శుక్లాల ఆపరేషన్లు చేయించుకున్నా చూపు దక్కలేదు. పైగా 1914లో పెద్దకొడుకు జాన్ చనిపోయాడు. అదే ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. జాన్ భార్య బ్లాన్ష్ వచ్చి మోనేను కనిపెట్టుకుని ఉంది. ఆమె ఆలిస్‌కు మొదటి వివాహంలో పుట్టిన కూతురు, తనూ చిత్రకారిణే. ఆ ఇంట్లోనే పెద్ద స్టూడియో కట్టించి, గోడంత కలువల చిత్రాలు మొదలుపెట్టారు.

చూపు తగ్గుతుంటే ఆయన ఉపాయాలు వెతుక్కున్నారు. రంగుల ట్యూబుల మీద పేర్లు చూసి ఎంచుకునేవారు. పళ్లెంలో ఏ రంగు ఎక్కడుండాలో మార్చేవారు కాదు. ఎండ కళ్లలో గుచ్చుకోకుండా పెద్ద అంచున్న గడ్డి టోపీ పెట్టుకునేవారు. మిట్టమధ్యాహ్నం వెలుతురులో గీయడం తగ్గించారు.

ఈ ఉపాయాలు మీ ఇంట్లోనూ కనిపిస్తాయి. నాన్నగారు రాత్రి బండి నడపడం మానేశారా? ఎదుటి వాహనాల లైట్లు మరీ మిరుమిట్లు గొలుపుతున్నాయని అంటున్నారా? అమ్మ బియ్యంలో రాళ్లు ఏరడానికి వాకిట్లోకే వెళుతోందా? మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోందా? టీవీకి దగ్గరగా జరుగుతోందా? చూపు తగ్గుతోందని ఎవరూ నోటితో చెప్పరు. అలవాట్లు చెబుతాయి. ఇంకో విచిత్రం కూడా ఉంది. కొందరు పెద్దవాళ్లకు ఉన్నట్టుండి దగ్గరి అద్దాలు లేకుండానే పేపరు చదవడం వస్తుంది. ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. కటకం మధ్యభాగం గట్టిపడే రకం శుక్లంలో ఇలా కొంతకాలం జరుగుతుంది. అప్పుడు దూరపు చూపు తగ్గిందేమో చూడాలి.

శుక్లం కటకాన్ని మసకబార్చడంతో ఆగదు, పసుపు గోధుమ రంగులోకి మారుస్తుంది. నీలం కాంతి లోపలికి సరిగా వెళ్లదు. ఆ రోజుల్లో మోనే గీసిన జపనీయ వంతెన చిత్రాల్లో నీలాలు తగ్గి, ఎరుపులూ గోధుమలూ మంటల్లా పరుచుకున్నాయి. ఇందులో శుక్లాల పాత్ర ఉందని కంటి వైద్యులు చాలామంది భావిస్తారు. మార్పు నిదానంగా వస్తుంది కాబట్టి మెదడు దానికి అలవాటుపడిపోతుంది. మీరు తెలుసుకోవాలంటే ఉతికిన తెల్ల పంచెనో దుప్పటినో పగటి వెలుతురులో ఒక్కో కంటితో చూడండి. ఒక కంటికి తెల్లగా, రెండో కంటికి పాత కాగితంలా కనిపిస్తే అది చూపించుకోవాల్సిన విషయం. రెండు కళ్లకూ సమానంగా శుక్లం ఉంటే ఈ తేడా తెలియదన్నది కూడా గుర్తుంచుకోండి.

6/60 అంటే ఏమిటి?

1918లో యుద్ధం ముగిసిన మరుసటి రోజే మోనే తన కలువల చిత్రాలను దేశానికి ఇస్తానని మిత్రుడు జార్జ్ క్లెమెన్సోకు రాశారు. అప్పటి ఫ్రాన్స్ ప్రధాని అయిన క్లెమెన్సో చదివింది వైద్యమే. ఆపరేషన్ చేయించుకోమని ఆయన మోనే వెంటపడుతూనే ఉన్నారు. 1922 ఏప్రిల్‌లో చిత్రాలిచ్చే ఒప్పందం మీద సంతకాలయ్యాయి. కానీ వాటిని పూర్తిచేయాల్సిన కళ్లు మొరాయించాయి.

ఆ సెప్టెంబరులో పారిస్‌లోని కంటి వైద్యుడు షార్ల్ కుతెలా పరీక్షించారు. కుడికన్ను వెలుతురు ఉందా లేదా అన్నంత వరకే తెలుసుకోగలుగుతోంది. ఎడమకన్ను చూపు పదో వంతుకు పడిపోయింది. మన ఆసుపత్రుల లెక్కలో అది 6/60. అంటే మామూలు చూపున్న మనిషి 60 మీటర్ల నుంచి చదవగల అక్షరాన్ని ఆయన 6 మీటర్ల దగ్గరికొస్తే గాని చదవలేరు. చార్టులో అన్నిటికన్నా పైనున్న పెద్ద అక్షరం అదే.

ఇలాంటి కొలత మీరు ఇంట్లో ఉజ్జాయింపుగా తీసుకోవచ్చు. 9 మిల్లీమీటర్ల ఎత్తున్న అంకెలు ఒక వరుస, 4.5 మిల్లీమీటర్ల ఎత్తున్నవి ఒక వరుస తెల్ల కాగితం మీద నల్లగా రాయండి. స్కేలు పెట్టి కొలవండి. బాగా వెలుతురున్న గోడకు కళ్ల ఎత్తులో అంటించి 3 మీటర్లు, అంటే దాదాపు 10 అడుగుల దూరంలో కూర్చోండి. దూరపు అద్దాలుంటే పెట్టుకోండి. ఒక్కో కంటితో చదవండి. చిన్న వరుస చదివితే ఆ కంటి దూరపు చూపు దాదాపు మామూలుగా, 6/6 దగ్గర ఉన్నట్టు. పెద్ద వరుస వరకే వస్తే 6/12. అదీ రాకపోతే ఇక ఆలస్యం వద్దు. ఒక కంటితో చదివిన అంకెలు గుర్తుండిపోయి రెండో కంటితో అప్పజెప్పేస్తాం, అందుకని రెండో కంటికి వేరే అంకెల కాగితం పెట్టండి. ఇంటి గోడ మీది క్యాలెండరుతో పరీక్ష చేస్తే జరిగే పొరపాటు ఇదే. తేదీలన్నీ మనకు కంఠతా వచ్చు. కాగితం మీద మీరు తయారుచేసుకున్నది ఆసుపత్రి చార్టు అంత కచ్చితం కాదు. కానీ ఈ నెలకూ మూడు నెలల తర్వాతకూ తేడా చెప్పడానికి సరిపోతుంది.

తక్కువ కనిపించిన కంటికి ఇంకో చిన్న చిట్కా ఉంది. అట్టముక్కకు పిన్నీసుతో ఒక మిల్లీమీటరు రంధ్రం చేసి, దానిలోంచి చూస్తూ మళ్లీ చదవండి. అంకెలు స్పష్టమైతే చాలావరకు అది అద్దాల నంబరు సమస్య. ఏమీ మెరుగు కాకపోతే కటకంలోనో, రెటీనాలోనో ఇబ్బంది ఉండే అవకాశం ఎక్కువ. ఏదైనా తేల్చాల్సింది డాక్టరే.

కుతెలా ఎడమకంట్లో కంటిపాపను వెడల్పు చేసే చుక్కలు వేశారు. మసక లేని అంచుల నుంచి వెలుతురు లోపలికి వెళ్లి చూపు కాస్త మెరుగైంది. మోనే పొంగిపోయారు. కానీ ఆ ఆనందం ఎన్నాళ్లో నిలవలేదు. చుక్కలు శుక్లాన్ని కరిగించలేవు. అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. అలా కరిగిస్తాయని ఎవరు అమ్మినా కొనకండి. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ చుక్కలైతే చాలాకాలం వాడితే శుక్లాన్ని, గ్లకోమాను తెచ్చిపెట్టగలవు.

రెండు కళ్లు, రెండు లోకాలు

చివరికి 1923 జనవరిలో, 82వ ఏట, రెండు దఫాలుగా ఆయన కుడికంటికి ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత రోజుల తరబడి వెల్లకిలా, తల కదపకుండా, కళ్లకు కట్లతో పడుకోవాలి. తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టేవారు. తోటలో తిరిగే మనిషికి అది నరకమైంది. కట్లు పీకేసుకోబోయారు. కొన్ని నెలలకు కంటిలో మిగిలిన పలుచని పొర మసకబారితే జూలైలో మూడోసారి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది.

కటకం తీసేశాక దాని స్థానంలో పెట్టడానికి అప్పట్లో ఏమీ లేదు. దళసరి అద్దాలే గతి. వాటిలోంచి వస్తువులు పెద్దవిగా, వంకరగా కనిపించేవి. శుక్లం పోయిన కుడికంటికి లోకం మరీ నీలంగా ఉండేది, శుక్లం ఉన్న ఎడమకంటికి పసుపుగా ఉండేది. రెంటినీ మెదడు కలపలేకపోయింది. ఆ కాలంలో ఒకే ఇంటిని, ఒకే తోటను ఆయన నీలాల్లోనూ, ఎరుపు పసుపుల్లోనూ గీసిన చిత్రాలున్నాయి. నిరాశతో కొన్ని కాన్వాసులను పాడుచేశారు. ఆపరేషన్ చేయించుకున్నందుకు పశ్చాత్తాపపడ్డారు. తర్వాత జాక్ మవాస్ అనే వైద్యుడు, కుతెలా కలిసి రంగు అద్దాలు, మెరుగైన అద్దాలు ప్రయత్నించారు, ఎడమకంటిని మూసి ఉంచారు. 1925 నాటికి రంగులు దారికొచ్చాయి. మోనే మళ్లీ ఉత్సాహంగా పెద్ద చిత్రాల మీద పడ్డారు.

ఇవాళ ఆపరేషన్ పేరు చెబితే మీ ఇంట్లో పెద్దవాళ్లు భయపడుతున్నారంటే వాళ్లు భయపడుతున్నది దాదాపు మోనే కాలం నాటి ఆపరేషన్‌కే. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారి కంట్లో కృత్రిమ కటకం అమర్చారు. ఇప్పుడు చిన్న కోతతో శుక్లం తీసి, అక్కడే కటకం పెట్టి, సాధారణంగా అదేరోజు ఇంటికి పంపిస్తారు. ఇసుక సంచులు లేవు, సోడాబుడ్డి అద్దాలు లేవు. మోనేకు మూడో ఆపరేషన్ అవసరమైన ఆ పొరను ఇప్పుడు కొన్ని నిమిషాల లేజర్‌తో తెరుస్తారు. శుక్లం బాగా ముదరాలి అన్న మాట కూడా పాతదే. రోజువారీ పనులకు అడ్డమవుతుంటే తీయించుకోవచ్చు. మరీ ముదరనిస్తే ఆపరేషనే కష్టమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇది ఉచితం.

ఇంటి పరీక్ష చెప్పలేనివి

మోనే అద్దాల వల్ల ఆకారాలు వంకరగా చూశారు. మీకు మామూలు అద్దాలతో తలుపు చట్రం, కిటికీ ఊచలు, గచ్చు పలకల గీతలు ఒక కంటికి వంగినట్టు, మధ్యలో చెరిగినట్టు కనిపిస్తే అది రెటీనా మధ్యభాగం సమస్య కావచ్చు. ఆ వారంలోనే చూపించుకోండి.

మీరు అన్ని వరుసలూ చదివేసినా తెలియని జబ్బులు రెండున్నాయి. గ్లకోమా పక్కచూపును అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది, చివరిదాకా అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి. షుగరు వల్ల రెటీనా దెబ్బతింటున్నా మొదట్లో చూపు తగ్గదు. అందుకే 40 దాటినవారు కంటి పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. షుగరున్నవారు ఏడాదికోసారి చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. ఇంటి గోడ మీది కాగితం దీనికి ప్రత్యామ్నాయం కాదు.

పిల్లల సంగతి వేరు. పుట్టుక నుంచి ఒక కన్ను మసగ్గా ఉన్న పిల్లవాడికి లోకమంటే అంతే. వాడు ఫిర్యాదు చేయడు. ఆటలా ఒక కన్ను మూయండి. ఒక కన్ను మూసినప్పుడు ఊరుకుని, రెండోది మూస్తే చెయ్యి తోసేసి చిరాకుపడితే, తెరిచి ఉన్న ఆ కన్నే బలహీనమై ఉండవచ్చు. బద్ధకపు కన్నుకు చికిత్స చిన్నతనంలోనే బాగా పనిచేస్తుంది.

చూపు హఠాత్తుగా పోయినా, తెర దించినట్టు ఒక పక్క చీకటి కమ్మినా, మెరుపులు, నల్ల మచ్చలు గుంపుగా కనిపించినా, కన్ను ఎర్రబడి తీవ్రంగా నొప్పిపెట్టినా ఏ పరీక్షలూ వద్దు. అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి.

మోనే తన ఎడమకంటికి ఆపరేషన్ చేయించుకోలేదు. 1926 డిసెంబరు 5న, 86వ ఏట, జివెర్నీలోనే కన్నుమూశారు. మరుసటి మే నెలలో పారిస్‌లోని ఒరాంజెరీలో ఆయన కలువలను రెండు అండాకారపు గదుల్లో అమర్చి జనానికి చూపించారు. ఆ ఆపరేషన్ జరగకపోయి ఉంటే, ఆ చిత్రాలకు ఆయన చివరి మెరుగులు దిద్దగలిగేవారా అన్నది అనుమానమే. ఇంకాస్త ముందు, ఇంకాస్త ధైర్యంగా వెళ్లి ఉంటే ఎన్ని మంచి ఏళ్లు మిగిలేవో అనిపిస్తుంది. కానీ ఆయన కాలంలో ఆ ధైర్యం చాలా ఖరీదైనది. మన కాలంలో అంత కాదు.

ఈ ఆదివారం ఆ రెండు వరుసల కాగితం రాసి గోడకు అంటించండి. అమ్మానాన్నల నుంచి చిన్నపిల్లల వరకు వరుసగా కూర్చోబెట్టండి. ఎవరి ఏ కన్ను ఎంతవరకు చదివిందో తేదీ వేసి డైరీలో రాయండి. మూడు నెలలకోసారి మళ్లీ చూడండి. ఎవరి అంకె తగ్గినా మోనేలా పదేళ్లు ఆగకుండా, ఆ వారంలోనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.